నన్ను మళ్లీ తిట్టేదాకా

పామిడిలో మా వైండింగ్ అంగడికి వచ్చే రైతులు ఇప్పటికీ అడుగుతుంటారు: "దస్తగిరీ, నీకు అప్పుడు ఏమైనాదప్పా?" నేను నోరు తెరిచేలోపే వాళ్లకు కాలిన మోటారు గుర్తొస్తుంది, మాట అటు మళ్లిపోతుంది. అలా సగం సగం చెప్పి వదిలేసిన జవాబు ఇది. పోయిన నెల మా పక్క వీధిలో ఒకాయన్ని ఇంట్లోవాళ్లు గదిలో పెట్టి బయట గడియ వేశారని విన్నాను. ఆ ఇంటి ముందు దాకా వెళ్లి, ఏం చెప్పాలో తెలియక తిరిగొచ్చాను. నోటితో చెప్పలేనిది రాసైనా చెబుదామని కూర్చున్నాను.

నాకు నలభై మూడేళ్లు. మేం దూదేకులవాళ్లం. మా నాయన పరుపులు కుట్టేవాడు. నేను పదహారో ఏట గుత్తిలో ఒక మేస్త్రీ దగ్గర మోటారుకు కాయిల్ కట్టడం నేర్చుకుని, తర్వాత మా ఊళ్లోనే అంగడి పెట్టుకున్నాను. బోరులో దించిన మోటారు కాలిపోతే లోపలి తీగంతా పీకేసి, కొత్త తీగ చుట్టి, మళ్లీ ఆడేలా చేయడం మా పని. తమ్ముడు ఖాజా నాకంటే పన్నెండేళ్లు చిన్న. నా దగ్గరే పని నేర్చుకున్నాడు. నా భార్య పేరు మాబున్ని. ఒక్కతే కూతురు షాహీనా, అప్పటికి ఎనిమిదో తరగతి.

ఆ ఎండాకాలం

ఉగాది దాటిన దగ్గర్నుంచీ బోర్లలో నీళ్లు కిందికి పోతూ వచ్చాయి. నీళ్లు అందక ఉత్తగా తిరిగిన మోటార్లు వరసగా కాలాయి. అంగట్లో చోటు చాలక రోడ్డు వార దాకా పేర్చాం. పని ఎక్కువైతే మనిషి అలిసిపోయి నిద్రపోవాలి గదా. నాకు తిరగబడింది. అలసట పెరిగేకొద్దీ నిద్ర తగ్గింది. కళ్లు మూసుకుంటే చెవిలో మోటారు ఆడుతున్న హోరు.

ఒక రైతు మోటారు మూడుసార్లు కాలి మూడుసార్లూ నా దగ్గరికే వచ్చింది. ఆయన బోరులో నీళ్లు లేవు, అంతే. అది ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు. మూడోసారి మోటారు దించుతూ నవ్వుతూ అన్నాడు: "నీ చేతిలో ఏం దోషముండాదో సూసుకో దస్తగిరీ." అక్కడున్నవాళ్లందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ మాట మాత్రం లోపల కూర్చుండిపోయింది.

రోహిణి కార్తె వచ్చేసరికి నాకు ఒకటి రూఢి అయిపోయింది. ఇన్నేళ్లలో నేను చుట్టిన మోటార్లన్నీ కాలిపోతాయి. ఎండిన ప్రతి తోటా నా వల్లే ఎండింది. అది నాకు అనుమానంగా లేదు, నెత్తిన కాస్తున్న ఎండ ఎంత నిజమో అంత నిజంగా ఉంది. ఒకరోజు బండి వేసుకుని ఒక పల్లెకు పోయి, బాగా ఆడుతున్న మోటారును బోరులోంచి పైకి తీయమని రైతు కాళ్లు పట్టుకున్నాను.

"ఏమైనాదప్పా నీకు? నీళ్లు సూడు, ఎట్ల పడతాండాయో," అని ఆయన నన్ను లేపి గట్టు మీద కూర్చోబెట్టాడు.

చూశాను. పైపు నిండా పడుతున్నాయి. అవి కూడా నన్ను నమ్మించి మోసం చేయడానికే పడుతున్నాయనిపించింది.

తర్వాత అన్నం మానేశాను, మాట మానేశాను. ఒక ఉదయం చెప్పులు కూడా వేసుకోకుండా ఇంట్లోంచి నడిచి వెళ్లిపోయాను. ఎటు తిరిగానో ఇప్పటికీ గుర్తు లేదు. మరుసటి రోజు మధ్యాహ్నం గుత్తి రైల్వే స్టేషన్లో ఒక బెంచీ మీద ఖాజా నన్ను కనిపెట్టాడు. పాదాలు బొబ్బలెక్కి ఉన్నాయట. వాడు నేల మీద కూర్చుని, నా కాళ్లు ఒళ్లో పెట్టుకుని ఏడ్చాడు. వాడి నెత్తి మీద చెయ్యి వేయాలని నాకు తోచలేదు. ఆ సంగతి తలచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తుంది.

గది

ఇంటి వెనక వైపు నాయన పరుపులు పెట్టుకునే గది ఒకటి ఉంది. నాయన పోయాక పాత దూది మూటలు అలాగే ఉండిపోయాయి. నన్ను ఆ గదిలో ఉంచారు. పైకప్పు కింద చిన్న కిటికీ. అందులోంచి వెనకింటివాళ్ల డిష్ గిన్నె, దాని వెనక ఆకాశం ముక్క, అంతే కనిపించేది. తలుపుకు బయట గడియ.

మావాళ్లు చెడ్డవాళ్లని చెప్పడానికి ఇది రాయడం లేదు. మళ్లీ వెళ్లిపోతానని వాళ్ల భయం. ఇంకా ఏదైనా చేసుకుంటానని అంతకంటే పెద్ద భయం. గురువారం గురువారం దర్గాకు తీసుకుపోయేవాళ్లు. మెడలో రెండు తాయెత్తులు పడ్డాయి. ఎవరో చెబితే నిమ్మకాయలతో దిష్టి తీశారు. దేనికీ నేను నోరెత్తలేదు. తీసుకుపోతే పోయాను, తెచ్చి గదిలో పెడితే కూర్చున్నాను.

గదిలో పొద్దు కదలదు. కిటికీ ఎండ గోడ మీద ఒక మూల నుంచి ఇంకో మూలకు పోవడానికి ఒక యుగం పట్టేది. బయట ఇల్లు తన పనిలో తను ఉండేది. కుక్కర్ ఈల వేసేది, బిందెలు చప్పుడయ్యేవి, షాహీనాను బడికి తొందరపెట్టే మాబున్ని గొంతు వినిపించేది. అన్నీ నేను లేకుండా జరిగిపోతున్నాయి, నేను ఉన్నప్పటికంటే తేలిగ్గా జరిగిపోతున్నాయి అనిపించేది. ఆ ఆలోచన పుట్టాక గదికి ఇంకో గడియ పడినట్టయింది. ఆ గడియ నా లోపలే ఉంది.

సాయంత్రాలు షాహీనా తలుపుకు అటువైపు వీపు ఆనించి కూర్చుని లెక్కలు చేసుకునేది. పలకరించేది కాదు. పెన్సిల్ గీసే చప్పుడు, రబ్బరుతో తుడిచే చప్పుడు వినిపించేవి. కొన్నాళ్లకు ఆ చప్పుడు కోసం ఎదురుచూడటం మొదలుపెట్టాను. నాలో ఇంకా ఏదో మిగిలి ఉందనడానికి ఆ నెలల్లో నాకు దొరికిన గుర్తు అదొక్కటే.

ఒకరోజు ఆ తలుపు గుండానే ఖాజా సంగతి విన్నాను. వాడికి రాప్తాడులో సంబంధం దాదాపు కుదిరింది. వాళ్ల పెద్దమనిషి వచ్చి, నీళ్లు కూడా తాగకుండా, నిలబడే చెప్పి వెళ్లాడు: "మీ యింట్లో తిక్క ఉండాదంట గదప్పా. మాకు ముందే చెప్పింటే బాగుండు."

ఆయన పోయాక ఖాజా అరిచాడు. "ఎన్నాళ్లొదినా ఇట్ల దాచిపెట్టేది? వీధిలో అందరికీ తెలిసిపాయ!"

"గమ్ముగుండు, ఆయప్పకు ఇనపడతాది," అంది మాబున్ని.

ఇనపడింది. నేను గోడ వైపు తిరిగి పడుకున్నాను. ఆ రోజు అన్నం పళ్లెం అలాగే తిరిగి వెళ్లింది.

ఇలా మూడు నెలలు గడిచాయి. వానలు రాలేదు. వేసిన శనక్కాయ చేలు అక్కడక్కడా మొలిచి వాడిపోతున్నాయని బయటి మాటల్లో వినిపించేది. అప్పుడే ఒకరోజు మా వీధికి వచ్చే ఆశా కార్యకర్త ఏదో రాసుకోవడానికి ఇంట్లోకి వచ్చి, వెనక గడియ చూసింది. ఆమె మాబున్నికి బాగా తెలిసిన మనిషే.

"ఎవురక్కా లోపల?"

మాబున్ని ఏడుపు మొదలుపెట్టింది. ఆశా కార్యకర్తే గడియ తీసి లోపలికి వచ్చి, నా నాడి చూసే డాక్టరులా కాకుండా మామూలుగా దూది మూట మీద కూర్చుంది. కాసేపు నన్ను చూసి, బయటికి వెళ్లి అంది: "జ్వరమొస్తే గడియేస్తారా? పాము కరిస్తే గడియేస్తారా? ఇదీ జబ్బే. అనంతపురంలో డాక్టర్లుండారు. సోమవారం నేనూ వస్తా, పోదాం."

ఆసుపత్రి వరండా

మానసిక వైద్యం గది ముందు పొడుగాటి వరండా. సిమెంటు బల్లల మీద జనం. అందరూ తల వంచుకుని కూర్చున్నారు. మా ఊరివాళ్లు ఎవరైనా కనిపిస్తారేమోనని ఖాజా కండువా మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. కాసేపటికి మాబున్ని, ఆశా కార్యకర్త రిజిస్టరులో పేరు రాయించడానికి వెళ్లారు. ఖాజా ఫోను మోగితే మెట్ల దగ్గరికి వెళ్లాడు.

పక్కన యాభై ఏళ్లావిడ, ఆమె భుజం మీద తల వాల్చి ఒక పెద్ద పిల్ల. ఆమె పేరు మేరమ్మ అని తర్వాత తెలిసింది. ఉన్నట్టుండి ఆమె తన చీటీ నా చేతిలో పెట్టింది.

"అన్నా, ఇది పట్టుకోండు. నా బిడ్డను రవ్వంత సూస్తాండు. నీళ్లు తెచ్చుకుంటా. పేరు పిలిస్తే నేనుండానని చెప్పు, మర్చిపోవద్దు."

నా జవాబు కోసం ఆగలేదు. వెళ్లిపోయింది.

నెలల తర్వాత ఒక మనిషి నాకు ఒక పని అప్పజెప్పింది. నేనెవరో ఆమెకు తెలియదు. నేను అక్కడికి రోగిగా వచ్చానా, తోడు వచ్చానా కూడా తెలియకపోవచ్చు. ఆ చీటీని రెండు చేతులతో పట్టుకున్నాను. పేరు పిలిచేస్తారేమోనని గది తలుపు వైపే చెవి పెట్టాను. ఆ పిల్ల లేచి పోతుందేమోనని కళ్లు తిప్పకుండా చూశాను. పేరు పిలవలేదు, పిల్ల కదల్లేదు. మేరమ్మ సీసాలో నీళ్లు పట్టుకుని వచ్చి, చీటీ తీసుకుని, "తాగుతావా?" అని సీసా నాకే ముందు ఇచ్చింది.

తాగాను. ఖాజా తిరిగొచ్చి చూసి మాబున్నికి చెప్పాడట: "వదినా, అన్న తనంతట తాను నీళ్లు తాగినాడు."

డాక్టరమ్మ చిన్న వయసామె. ఎక్కువ మాట్లాడలేదు. నేను చెప్పడానికి చాలాసేపు పట్టింది, ఆమె అంతసేపూ ఆగింది. మోటార్లన్నీ నా వల్లే కాలాయన్నాను. నవ్వలేదు, కాదని వాదించలేదు. "అది మోస్తూ ఇన్ని నెలలు ఉన్నారా? చాలా బరువు," అంది. మూడు వారాలు అక్కడే ఉంచుకున్నారు. మందులు ఎండిన చేలో నీరు ఇంకినట్టు మెల్లగా పనిచేశాయి. ఒక రోజు పొద్దున పళ్లు తోముకుంటుంటే చెవిలో హోరు లేదని తెలిసింది. ఎప్పుడు ఆగిందో తెలియదు.

ఇంటికొచ్చాక

దసరాకు ముందు ఇంటికొచ్చాను. ముందు గదిలో మంచం వేశారు. బయట గడియ వేయడం మానేశారు. అయితే లోపలి గడియలన్నీ ఖాజా పీకేశాడు. నా గదికి లేదు, స్నానాల గదికి లేదు. స్నానం చేస్తుంటే నిమిషానికోసారి మాబున్ని బయట నుంచి పలకరించేది. "ఏమప్పా, అయిపోయిందా?" జవాబు ఆలస్యమైతే తలుపు తోసుకుని వచ్చేది. మొదట నన్ను లోపలేసి మూశారు, తర్వాత నన్ను నేను మూసుకోవడానికి లేకుండా చేశారు. మొదటిదానికంటే రెండోదాన్లోనే ఊపిరాడలేదంటే ఎవరూ నమ్మరు.

ఎందుకంటే అందరూ మంచిగా ఉన్నారు. ఎంత మంచిగా అంటే, ఇంట్లో నాతో ఎవరూ మామూలుగా మాట్లాడలేదు. గ్లాసు చేయి జారి పగిలితే, "పర్వాలేదు, పర్వాలేదు" అని ముగ్గురూ పరుగెత్తుకొచ్చేవాళ్లు. మునుపు మాబున్ని ఊరుకునేదా! కూరలో ఉప్పు లేదంటే గిన్నె నా ముందు ఎత్తి పడేసే మనిషి. ఇప్పుడు మారు మాట్లాడకుండా ఉప్పు తెచ్చి ఇచ్చేది. షాహీనా మార్కుల కాగితం మీద నా సంతకం అడగలేదు. ఖాజా పెట్టేశాడు.

"నాకు ఏదన్నా పని చెప్పు మాబున్నీ," అన్నాను ఒకరోజు.

"నీకేంటికి పని? నువ్వు గమ్ముగా కూర్చుంటే చాలు మాకు."

ఆ మాట ప్రేమతో అంది, నాకు తెలుసు. కానీ నేను గమ్ముగా కూర్చుంటే చాలు అన్న మనిషికి నేను దేనికీ అక్కరలేనట్టే గదా.

అంగడికి పోతానని పట్టుబడితే ఒప్పుకున్నారు. ఖాజా ఒక ప్లాస్టిక్ కుర్చీ వేశాడు. స్పానర్లు, కటింగ్ ప్లేయర్లు పైన అరలోకి ఎక్కించాడు. వచ్చిన రైతులు నన్ను చూసి, నా పక్కనే నిలబడి, నన్ను కాక ఖాజాను అడిగేవాళ్లు: "మీ యన్నకు ఎట్లుండాదిప్పుడు? అన్నం తింటాండాడా?" నేను అక్కడే ఉన్నాను. నాకు చెవులున్నాయి. ఖాజా గొంతు తగ్గించి, "పర్వాలేదప్పా, మేలు," అనేవాడు. ఒకాయన నాకు అరటిపండు ఇచ్చి వెళ్లాడు, చిన్నపిల్లాడికి ఇచ్చినట్టు.

మందుల వల్ల నాకు చేతులు వణికేవి. టీ కప్పు పట్టుకుంటే సాసరు గలగలమనేది. ఒకసారి ఖాజా లేని సమయం చూసి పాత తీగ ముక్క తీసుకుని చుట్టబోయాను. చుట్టు సరిగా పడలేదు. తీగ కింద పడేసి మళ్లీ కుర్చీలో కూర్చున్నాను. పోయిన ప్రాణం తిరిగొచ్చింది, పనితనం పోయింది. ఆ మాట ఎవరికీ చెప్పలేదు. మందులు మానేద్దామా అని రెండుసార్లు అనుకున్నాను. నెల నెలా ఆసుపత్రి వరండాలో మేరమ్మ కనిపించేది. ఆమెకు చెబితే, "మానేస్తే మా పిల్లకు మళ్లీ మొదటికొచ్చినాదన్నా. చేయి వణుకుతాందని డాక్టరమ్మకే చెప్పు, నోరుండాది గదా," అంది. చెప్పాను. డాక్టరమ్మ మందు మార్చింది. వణుకు కొంచెం తగ్గింది, పూర్తిగా పోలేదు.

అలా చలికాలమంతా కుర్చీలో గడిచింది.

సుంకమ్మ మోటారు

మళ్లీ ఎండలు మొదలైన రోజుల్లో ఖాజా స్నేహితుడి పెళ్లికి కర్నూలు వెళ్లాడు. రెండు రోజులు రాడు. వచ్చిన మోటార్లు దింపించుకుని పేర్లు రాసిపెట్టమని మాబున్నికి చెప్పి, నన్ను చూసుకోమని ఇంకా గట్టిగా చెప్పి పోయాడు.

పొద్దున పది గంటలకు ఆటోలో ఒక మోటారు వేసుకుని సుంకమ్మ దిగింది. అరవై దాటిన మనిషి. భర్త లేడు. నాలుగెకరాల చీనీ తోటను, అంటే బత్తాయి తోటను, ఒంటి చేత్తో కాపాడుకుంటుంది. ఊరంతా భయపడే నోరు ఆమెది.

"ఖాజా యాడ?"

"కర్నూలు పోయినాడు పెద్దమ్మా. ఎల్లుండి వస్తాడు," అంది మాబున్ని.

"ఎల్లుండా? చెట్లు పిందె మీదుండాయి. ఇప్పటికి రెండ్రోజులాయె నీళ్లు లేక." నా వైపు తిరిగింది. "నువ్వు కట్టు."

ఆమె నన్నే అంటోందని అర్థం కావడానికి నాకు ఒక క్షణం పట్టింది.

"నాకు బాగలేదు పెద్దమ్మా."

"బాగలేకుంటే పండుకోవల్ల. అంగట్లో కూర్చోనుండావు గదా."

"చేతులు వణుకుతాండాయి."

"నాకు కాళ్లు వణుకుతాండాయి. నేను చేనికి పోవడం మానినానా?"

మాబున్ని కంగారుపడి ఖాజాకు ఫోన్ చేసింది. వాడు అటు నుంచి వద్దంటే వద్దని అరుస్తున్నాడు. సుంకమ్మ ఫోన్ లాక్కుంది. "వాయ్, మీ యన్నను బొమ్మ మాదిరి కూర్చోబెట్టి పెండ్లికి పోయినావు. నా చెట్లు ఆ పెండ్లి అయ్యేదాకా ఆగుతాయా?" అని కట్ చేసి మాబున్ని చేతిలో పెట్టింది.

మాబున్ని నా మొహంలోకి చూసింది. చాలా రోజుల తర్వాత ఆమె నన్ను ఒక మాట అడిగింది: "అయితాదా నీతో?"

"తెలీదు. అటునుంచి తీగ అందిస్తావా?"

బోరు మోటారుకు తీగ చేత్తోనే ఎక్కించాలి. సన్నటి సందుల గుండా ఒకరు ఇటునుంచి తోస్తే ఇంకొకరు అటునుంచి అందుకుని లాగాలి. ఎన్ని చుట్లో లెక్క తప్పకూడదు. పైన అరలోంచి పనిముట్లు మాబున్నే దించింది. కాలిన తీగ పీకేసరికి మధ్యాహ్నమైంది. ఆ మాడు వాసనకు ఒకసారి బయటికొచ్చి రోడ్డు మీద నిలబడ్డాను. భయం దిగేదాకా అక్కడే ఉండి, మళ్లీ లోపలికి వెళ్లాను. సందు సందుకూ మాబున్ని పైకి లెక్క చెప్పింది, నేను లాగాను. మామూలుగా ఒక రోజులో అయ్యే పని రెండో రోజు సాయంత్రానికి అయింది. చుట్లలో కరెంటు సరిగా పారుతోందా అని టెస్ట్ ల్యాంపు పెట్టి చూస్తే ప్రతిసారీ వెలిగింది. సుంకమ్మ మోటారు తీసుకుపోయింది. నీళ్లు పడ్డాయని కబురు పంపింది.

ఖాజా వచ్చి నాతో ఏమీ అనలేదు. మాబున్నిని మాత్రం వంటింట్లో నిలదీశాడు.

ఎనిమిదో రోజు అదే ఆటో వచ్చి ఆగింది.

"దస్తగిరీ!" సుంకమ్మ అరుపుకు ఎదురు అంగళ్లవాళ్లు బయటికొచ్చారు. "ఇదేనా నువ్వు కట్టేది? వారం ఆడల్యా! మళ్లా మనుషుల్ని పిలిపించి పైపులన్నీ తీయిస్తి. ఇరవై ఐదేండ్ల పనోడివని నమ్మి ఇస్తి గదప్పా, చేతులు యాడ పెట్టుకోని కట్టినావు?"

కాలింది. నేను చుట్టింది కాలింది. ఏ మాటకు ఏడాది కింద గదిలోకి పోయానో ఆ మాటే పగటిపూట రోడ్డు మీద వచ్చి నిలబడింది.

ఖాజా నాకూ ఆమెకూ మధ్యకు వచ్చాడు. "పెద్దమ్మా, ఆయన్ను ఏమనొద్దు. బాగలేని మనిషి. తప్పు నాది, నేను ఊర్లో ల్యాకపోతి. నన్ను తిట్టు."

"నిన్నేంటికి తిట్టేది? కట్టినోడు ఈయన. ఈయన్నే తిడతా. బాగలేకుంటే మందు మింగుతాడు, తప్పు చేస్తే తిట్లు తింటాడు. దానికీ దీనికీ ఏం సమ్మందము?"

నేను కుర్చీలోంచి లేచాను. "మోటారు లోపల పెట్టండి," అన్నాను. గొంతు నాదేనా అనిపించింది.

విప్పాను. తీగ చుట్లన్నీ ఎలా చుట్టానో అలాగే ఉన్నాయి. ఒకచోట, తీగకు తీగ కలిపే జాయింటు దగ్గర టేపు వదులై లోపలికి నీళ్లు దిగాయి. అక్కడ నల్లగా మాడింది. చేయి వణికి టేపు బిగి పడలేదు. చూపుడు వేలంత పొడవు కూడా లేదు ఆ చోటు. దాన్ని చాలాసేపు చూస్తూ కూర్చున్నాను. లోకంలో ఎండిన తోటలన్నిటికీ నేనే కారణమని నమ్మిన మనిషిని నేను. నిజంగా నేను చేసిన తప్పు ఎంతుందో కళ్లతో చూడటం అదే మొదటిసారి. అది ఇంతే ఉంది. మళ్లీ కట్టొచ్చు.

"తప్పు నాదే పెద్దమ్మా. జాయింటు సరిగా కట్టల్యా. రేపు సాయంత్రం లోపల ఇస్తా."

"ఇయ్యి మరి. పిందె రాలిపోతాంది," అని ఆమె అక్కడే గడప మీద కూర్చుని తమలపాకు వేసుకుంది.

ఆ సాయంత్రం ఖాజాకూ నాకూ గొడవైంది. వాడు మొత్తం తానే చుడతానన్నాడు. నేను ఇవ్వనన్నాను. అరుచుకున్నాం. ఏడాదిలో వాడు నా మీద గొంతెత్తడం అదే మొదలు. అరిచి అరిచి వాడు ఉన్నట్టుండి ఆగిపోయాడు.

"గుత్తి స్టేషన్లో నిన్ను చూసినప్పటి నుంచి నాకు నిద్ర ల్యాదన్నా. నిన్ను ఏమన్నా అంటే మళ్లా పోతావని భయం. ఎవురైనా అంటే వాన్ని చంపాలన్నంత కోపం. నేనేం జేయల్ల చెప్పు?"

వాడి నెత్తి మీద చెయ్యి వేశాను. "నాకు నచ్చకుంటే చెప్తా. చెప్పకుండా పోను. నువ్వు తిట్టాలనిపిస్తే తిట్టు."

ముక్కు తుడుచుకుని అన్నాడు: "సరే. చుట్లు నువ్వు చుట్టు. జాయింట్లు నేను కడతా. దాంట్లో మాత్రం నీ మాట ఇనను."

అలాగే చేశాం. ఆ మోటారు ఇంకా ఆడుతోంది. కాకపోతే ఆ మూడు నాలుగు రోజుల ఆలస్యానికి సుంకమ్మ తోటలో రెండు వరసల పిందె రాలిపోయింది. ఆమె ఎప్పుడు కనిపించినా ఆ సంగతి ఎత్తుతుంది. నేను తల వంచుకుని వింటాను.

ఇప్పుడు

నయమైపోయిందని రాయలేను. పోయిన ఆషాఢంలో రెండు వారాలు మళ్లీ నిద్ర పట్టలేదు, అన్నం చేదైంది. ఈసారి నేనే మాబున్నికి చెప్పాను, ఆసుపత్రికి నేనే ముందు నడిచాను. మందులు వేసుకుంటున్నాను. చేయి ఇంకా వణుకుతుంది. ఖాజాకు ఇంకా సంబంధం కుదరలేదు. వచ్చినవాళ్లకు ఇప్పుడు వాడే ముందు చెప్పేస్తాడు, "మా యన్నకు ఇట్లయింది, మందులు వాడతాండాడు, నాతో పాటే పనిజేస్తాండాడు," అని. కొందరు టీ తాగి వెళ్లిపోతారు. స్నానాల గదికి కొత్త గడియ బిగించింది మాబున్నే. ఆ రోజు నేను లోపల గడియ పెట్టుకుని, అవసరం లేకపోయినా కాసేపు అలాగే నిలబడ్డాను.

మీ ఇంట్లో ఇలాంటి మనిషి ఉంటే తొందరగా డాక్టరు దగ్గరికి తీసుకుపోండి. గడియ తీసేయండి. తిరిగొచ్చాక మాత్రం ఆ మనిషిని గాజు సామానులా అరలో పెట్టకండి. చేయగలిగినంత పని అప్పజెప్పండి, చెడగొడితే చెడగొట్టావని చెప్పండి. మందులు నన్ను బతికించాయి. ఆ తర్వాత నేను ఈ ఊరివాణ్ణని నాకు తెలిసింది మాత్రం సుంకమ్మ రోడ్డు మీద నిలబడి నా పేరు పెట్టి అరిచినప్పుడే.

మొన్న సోమవారం ఆసుపత్రి వరండాలో కూర్చుని ఉన్నాం. మా ముందు ఇంకా పదిమంది ఉన్నారు. ఖాజా ఫోన్ చేశాడు. వెనక మోటార్లు దించుతున్న చప్పుడు, ఎవరో రైతు గొంతు.

"అన్నా, యాడుండావు?"

"ఆసుపత్రిలో. ఇంకా పిలవల్యా."

"పొద్దున్నే పోయినావు గదా, ఇంతసేపేం జేస్తాండావు? ఈడ మూడు మోటార్లొచ్చి పడినాయి. నా ఒక్కనితో అయ్యేది కాదు. బిన్నా రా, ఆలస్యం చేయాకు!"

విసుగ్గా పెట్టేశాడు. ఏమన్నాడని మాబున్ని అడిగింది.

"తిట్టినాడు," అన్నాను. లేచి, ఎంతసేపట్లో పిలుస్తారో కనుక్కోవడానికి నర్సమ్మ దగ్గరికి నడిచాను.